దీపం ఎక్కడ పెట్టాలి?

ఈ శీర్షిక చూసి ఇది కార్తీక దీపాల గురించో, విద్యుత్తు పొదుపు గురించో అనుకుని పేజీ తిప్పబోయే మిత్రులు ఒక్క నిమిషం ఆగాలి. నేను రాయబోయేది ఒక దొంగ గురించి. అతని పేరు గారెట్. నిజం మనిషి కాడు. కంప్యూటరులో ఆడే ఒక ఆటలోని పాత్ర. విద్యార్థి సంఘం వార్షిక సంచికలో వీడియో గేముకు చోటేమిటని పెద్దలకు అనిపించవచ్చు. కానీ పరీక్షల ముందు రాత్రుళ్ళు హాస్టలు కిటికీల్లో వెలిగే దీపాలన్నీ చదువు దీపాలే కావన్న సంగతి మా లెక్చరర్లకు తెలియనిది కాదు. ఆ రాత్రుళ్ళలో కొన్నిటికైనా లెక్క చెప్పుకోవాలన్నది నా కోరిక.

పైగా నేను చదివేది భౌతికశాస్త్రం, పుట్టింది సేద్యం ఇంట్లో. కాంతి గురించి మా డిపార్టుమెంటులో ఒక పాఠం చెబుతారు. మా నాయన చేని గట్టుమీద నిలబడి ఇంకో పాఠం చెబుతాడు. ఈ రెంటినీ కలిపే మూడో పాఠం ఒక దొంగాటలో దొరుకుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆ ఆట పేరు 'థీఫ్ టూ: ది మెటల్ ఏజ్'. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఉండిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ అనే సంస్థ దీన్ని తయారు చేసింది. 1998లో వచ్చిన 'థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్' అనే ఆటకు ఇది రెండో భాగం. 2000 మార్చిలో విడుదలయింది. అదే ఏడాది మే నెలలో ఆ సంస్థ మూతపడింది. అంటే ఈ ఆట వయసులో నాకంటే పెద్దది. మా రూమ్మేటు దగ్గరున్న ముసలి ల్యాప్‌టాప్ కొత్త ఆటల బరువు మోయలేదు కాబట్టి ఇది మా గదికి వచ్చింది. పేద విద్యార్థికి పాత పుస్తకాల అంగడి ఎలాగో, పాత కంప్యూటరుకు పాత ఆటలు అలాగ.

ఇటువంటి ఆటల్లో సాధారణంగా చేతిలో ఏదో ఒక ఆయుధం పట్టుకుని ఎదురొచ్చినవాడినల్లా పడగొడుతూ పోవాలి. గారెట్ ఆ పని చేయబోతే నిమిషంలో చస్తాడు. ఇద్దరు కాపలావాళ్ళు ఒక్కసారి మీద పడితే అంతే సంగతులు. అతనికున్న బలం ఒక్కటే, కంటబడకుండా ఉండడం. అందుకు సాయంగా తెర అడుగున ఒక మణి ఉంటుంది. గారెట్ మీద వెలుగు పడితే మణి మెరుస్తుంది. చీకట్లోకి జరిగితే నల్లబడుతుంది. వంగి నడిస్తే కాస్త తగ్గుతుంది, పరిగెత్తితే పెరుగుతుంది, కత్తి దూస్తే పెరుగుతుంది. మణి నల్లగా ఉన్నప్పుడు కాపలావాడు రెండడుగుల దూరంలో ఈలపాట పాడుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ రెండు క్షణాలు మా గదిలో నలుగురమూ ఊపిరి బిగపట్టేవాళ్ళం. ఎవడైనా దగ్గితే వాడిమీద కోప్పడేవాళ్ళం, తెరలోని కాపలావాడికి వినపడుతుందేమోనన్నట్టు!

ఇక్కడ ఒక చిన్న విశేషం గమనించాలి. చిన్నప్పటినుంచీ మనకు చీకటంటే భయం నేర్పుతారు. చీకట్లోకి పోతే పురుగూ పుట్రా ఉంటుందంటారు. కథల్లో చీకటి అజ్ఞానానికి, వెలుగు జ్ఞానానికి గుర్తు. ఈ ఆటలో రెండు రోజులు గడిపేసరికి ఆ లెక్క తలకిందులవుతుంది. గదిలో అడుగు పెట్టగానే కన్ను నీడల కోసం వెతుకుతుంది. ఎక్కడ మంచి నల్లటి మూల కనిపిస్తే అక్కడ చెట్టు నీడ దొరికిన బాటసారిలాగా ప్రాణం లేచివస్తుంది.

మొదటి ఆటలో వెలుగు ఎక్కువభాగం కాగడాలది. గారెట్ దగ్గర నీటి బాణాలుంటాయి. దూరంనుంచి గురిచూసి వదిలితే కాగడా చుయ్‌మని ఆరిపోతుంది. అక్కడ కొత్త చీకటి పుడుతుంది. ఇది చూసినప్పుడు నాకు మన 'మృచ్ఛకటికం' గుర్తుకొచ్చింది. శూద్రకుడి ఆ నాటకం మూడో అంకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. కన్నం కొలవడానికి టేపు లేకపోతే తన జందెమే కొలతాడు చేసుకుంటాడు. లోపల దీపం వెలుగుతుంటే, దాన్ని ఆర్పడానికని తెచ్చుకున్న పురుగును దానిమీదికి వదులుతాడు. దీపం మలుగుతుంది. నీటి బాణానికి, ఆ పురుగుకు ఎన్నో వందల ఏళ్ళ ఎడం ఉంది. కానీ దొంగ బుద్ధి ఒకటే: ఉన్న చీకటి చాలకపోతే కొంత తయారు చేసుకోవడం.

రెండో భాగం చేసినవాళ్ళు గారెట్ చేతిలోని ఈ సుఖాన్ని సగం లాగేశారు. 'మెటల్ ఏజ్' అంటే లోహయుగం. ఊళ్ళోకి యంత్రాలు వస్తాయి, విద్యుద్దీపాలు వస్తాయి. కాగడాను నీళ్ళతో ఆర్పవచ్చు, బల్బును ఆర్పలేము. దాని స్విచ్చి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ స్విచ్చి కొన్నిసార్లు కాపలావాడు కూర్చున్న గదిలోనే ఉంటుంది! గోడమీద కెమెరా కన్నొకటి అటూ ఇటూ తిరుగుతుంటుంది. దానికి ఈలపాటా రాదు, నిద్రా రాదు. మొదటి ఆటలోని దయ్యాలూ గుహలూ చాలావరకు తగ్గించి, ఈసారి బ్యాంకులు, గిడ్డంగులు, పెద్దింటి భవంతులు, పోలీసుఠాణా పెట్టారు. అంటే మనుషులు మనుషుల కోసం దీపాలు పెట్టుకున్న చోట్లు. అక్కడ ప్రతి దీపానికీ ఒక కారణం ఉంటుంది. మెట్ల దగ్గర దీపం ఎందుకంటే జారిపడతారని. తలుపు దగ్గర ఎందుకంటే వచ్చేదెవరో తెలియాలని. ఆ కారణం కనిపెట్టిన దొంగకు నీడ ఎక్కడుంటుందో చెప్పకనే తెలుస్తుంది.

మా ఊరి ముచ్చట గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది? మా అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో కిరసనాయిలు బుడ్డి ఉండేదట. రాత్రి నీళ్ళు తాగడానికి లేచినవాళ్ళు బుడ్డిని వెంట తీసుకుపోయేవాళ్ళు. వెలుగు మనిషి వెంట నడిచేది. బల్బు వచ్చాక వెలుగు ఒకచోట స్థిరపడింది, మనిషే దాని కిందికి నడిచాడు. ఇంత పెద్ద మార్పును ఏ పుస్తకమూ నాకు ఇంత తేటగా చెప్పలేదు. రెండు ఆటల మధ్య ఉన్న తేడా చెప్పింది.

ఈ ఆటలో ఒక్కొక్క ఘట్టాన్ని లెవెల్ అంటారు. మొత్తం 15. ఆట చేసినవాళ్ళు వాడిన పనిముట్టునే తరువాత జనానికి కూడా ఇచ్చారు. దాని పేరు డ్రోమెడ్. ఇప్పటికీ ఎక్కడెక్కడివాళ్ళో దానితో కొత్త లెవెళ్ళు కట్టి పంచుతున్నారు. 2005లో కొందరు అభిమానులు కలిసి 'షాడోస్ ఆఫ్ ది మెటల్ ఏజ్' పేరుతో ఒక పెద్ద ఆటనే కట్టేశారు. నేనూ దాన్ని తెరిచి చూశాను. ఆశ్చర్యమేమిటంటే, అందులో ప్రపంచం ఖాళీగా మొదలు కాదు. అంతా ఒకే రాయి. గది కావాలంటే ఆ రాతిలో అంతమేర గాలిని తొలచాలి. మనవాళ్ళు బావి తవ్వినట్టు! తవ్విన తరువాత దీపం పెట్టాలి. దీపం పెట్టేదాకా అక్కడ ఏమీ కనపడదు. పెట్టి లెక్క కట్టమంటే, కంప్యూటరు ఆ దీపం వెలుగు ఏ గోడమీద ఎంత పడుతుందో, ఏ స్తంభం నీడ ఎటు వాలుతుందో ముందే లెక్కించి గోడలకు అద్దేస్తుంది. ఆర్పి వెలిగించే దీపాలకు మాత్రం వేరే లెక్క ఉంచుకుంటుంది. కాబట్టి దొంగకు దొరికే ప్రతి నీడా ఎవరో ఒకరు కూర్చుని, దీపాన్ని అటు జరిపి ఇటు జరిపి, మిగిల్చిపెట్టిన నీడ. చీకటి అంటే దీపం లేకపోవడమని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. దీపం పెట్టినవాడు పక్కకు తీసి ఉంచినది చీకటి అని అప్పుడు తోచింది.

వెలుగుతోపాటు నేల సంగతి కూడా చెప్పాలి. తివాచీ మీద, గడ్డిమీద నడిస్తే చప్పుడు ఉండదు. ఇనపరేకు మీద, నున్నటి గచ్చుమీద నడిస్తే ఊరంతా వినపడుతుంది. శబ్దం గోడలోంచి దూరదు. తలుపులు, వసారాలు పట్టుకుని మలుపులు తిరిగి పోతుంది. ఏ గదినుంచి ఏ గదికి దారి ఉందో లెవెల్ కట్టినవాళ్ళు గుర్తుపెట్టి ఉంచుతారు. శబ్దం ఆ దారులవెంబడే నడుస్తుంది. బ్యాంకు లెవెల్లో ఈ రెండు కష్టాలూ కలుస్తాయి. నేల గచ్చు, మీద దీపాలు. నీడలో ఉంటే అడుగు మోగుతుంది, అడుగు మోగనిచోట వెలుగు ఉంటుంది. రెండూ కుదిరిన సన్నని దారి ఒకటి ఉండకపోదు. దాన్ని వెతకడమే ఆట.

నాకు అన్నిటికంటే నచ్చినవి రెండు. ఒకటి, ఇళ్ళ కప్పులమీదుగా ఊరంతా దాటి ఒక ఎత్తయిన గోపురం చేరుకునే లెవెల్. కింద వీధుల్లో వెలుగు, పైన చీకటి. ఒక్కొక్క కిటికీలోంచి వచ్చే పసుపుపచ్చ వెలుగును బట్టి లోపల మనుషులున్నారా లేరా అని ఊహించుకోవాలి. మొదటి ఆటలో లేని రంగుల వెలుగును, వానను, మంచును రెండో ఆటలో పెట్టారు. వాటి విలువ ఇక్కడ తెలుస్తుంది. రెండోది, ఒకే భవనంలోకి రెండుసార్లు పోవడం. మొదటి రాత్రి దొంగతనం లేదు, ఊరకే చూసి రావాలి. ఏ దారి ఎటు పోతుందో, రహస్య మార్గం ఎక్కడుందో కనుక్కుని గప్‌చుప్‌గా బయటపడాలి. రెండోసారి పోయి పని ముగించాలి. కొత్త మడి కౌలుకు తీసుకునేముందు మా నాయన ఒకసారి ఎండపొద్దున, ఒకసారి వాన వెలిసినాక పోయి ఊరకే నడిచి వస్తాడు. నీళ్ళు యాడ నిలుస్తాయి, యాడ పారతాయి చూస్తాడు. చూడడం వేరే పని, చేయడం వేరే పని అని ఇద్దరికీ తెలుసు.

అయితే భౌతికశాస్త్రం విద్యార్థిగా ఆ మణిమీద నాకు ఒక అభ్యంతరం ఉంది. కిందటేడు మేము కొందరం స్నేహితులం చంద్రగిరి కోటకు పోయినాము. విజయనగర రాజులు చివరి రోజుల్లో తలదాచుకున్న రాజధాని అది. అక్కడి రాజమహలు ఇప్పుడు పురావస్తుశాఖ వారి మ్యూజియం. దాని కమానుల వసారాల్లో నిలబడితే నేలమీద ఒక పట్టె ఎండ, ఒక పట్టె నీడ. నేను లోపలి నీడలో ఉండి చూస్తుంటే మా వాడొకడు కమాను కింద వచ్చి నిలబడ్డాడు. వాడి మొహంమీద వెలుగు లేదు. గారెట్ మణి అయితే నల్లగా ఉండేది. కానీ వాడి వెనక ఆకాశం వెలుగుతోంది. కాటుకతో గీసినట్టు మనిషి ఆకారం అంతా కనపడింది, చెవుల్తో సహా. మనిషి కనపడడం అతనిమీద పడే వెలుగును బట్టి మాత్రమే కాదు, అతని వెనక ఉన్న వెలుగును బట్టి కూడా. మణికి మొదటిదే తెలుసు. తోలుబొమ్మలాటవాళ్ళకు రెండోది కూడా తరతరాలుగా తెలుసు.

ఇంకొకటి. చూసేవాడి కన్ను కూడా లెక్కలోకి రావాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సు ఉంటే, పున్నమి వెన్నెల పావు లక్సు ఉంటే గొప్ప. ఈ రెండిట్లోనూ మన కన్ను పనిచేస్తుంది, కానీ ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారడానికి గడువు అడుగుతుంది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా తేరుకోవడానికి ఇరవై నిమిషాలనుంచి అరగంట పడుతుంది. పాడుచేయడానికి ఒక్క టార్చిలైటు మెరుపు చాలు. కాబట్టి దీపం కింద కూర్చున్న కాపలావాడు దాదాపు గుడ్డివాడు. అతనికి తన చుట్టూ ఉన్న నాలుగు గజాలు తప్ప లోకం లేదు. దీపం వెలుగు దూరంతో ఎంత వేగంగా తరుగుతుందో మనకు తెలుసు: రెండు రెట్ల దూరానికి నాలుగో వంతు, మూడు రెట్లకు తొమ్మిదో వంతు. అతను మాత్రం అందరికీ కనపడతాడు. ఈ మాట నేను పుస్తకంలో చదవకముందే మా చేనిలో చూసినాను.

మాది చిత్తూరు జిల్లా, పలమనేరు వైపు. కౌండిన్య అడవి మాకు దగ్గర. 1980ల ఆరంభంలో తమిళనాడు అడవులనుంచి ఏనుగులు ఇటు రావడం మొదలయిందని మా పెద్దవాళ్ళు చెబుతారు. 1990లో ప్రభుత్వం ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించింది. అటవీశాఖవారు కందకాలు తవ్వించారు, సోలారు కంచెలు వేయించారు. ఏనుగు తెలివిగలది. చెట్టును విరిచి కంచెమీద పడేస్తుంది, కూసాన్ని తోసేస్తుంది. అంత పెద్ద జంతువు వచ్చేటప్పుడు భూమి అదురుతుందని సినిమాలు చూసినవాళ్ళు అనుకుంటారు. అదేమీ ఉండదు. దాని పాదం కింద కొవ్వుతో మెత్తటి దిండు లాంటిది ఉంటుంది. తివాచీమీద గారెట్ లాగే వస్తుంది. చెరుకు విరిగిన చప్పుడు వినపడిందంటే అది అప్పటికే చేనిలో ఉందన్నమాట.

నేను ఇంటర్మీడియెట్ రెండో ఏడాదిలో ఉండగా ఒక రాత్రిలో మా చెరుకు అరెకరం పోయింది. తిన్నది కొంత, తొక్కింది ఎక్కువ. ఆ చెరుకుమీద నా కాలేజీ ఫీజు ఉంది, ఇంటి బాకీ ఉంది. మరుసటిరోజు మా చిన్నాయన వచ్చి అరుగుమీద కూర్చుని, "అన్నా, చుట్టూ తీగె లాగి మోటారు కరెంటు ఇచ్చేద్దాం. ఒక్క రాత్రితో పీడ విరగడైపోతాది" అన్నాడు. సోలారు కంచెకూ దీనికీ చాలా తేడా ఉందని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సోలారు కంచె క్షణంలో చిన్న వంతు సేపు మాత్రమే గుంజినట్టు కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి పోతుంది. లైను కరెంటు వదలదు, చంపుతుంది. అది చట్టరీత్యా నేరం కూడా. అడవిపంది కోసం పెట్టిన తీగెకు మనిషి తగిలిన కథలు మా వైపు విననివాళ్ళు లేరు.

మా నాయన చాలాసేపు పలకలేదు. తరువాత, "ఆ తీగెకు ఏనుగే తగలాలని రాసిపెట్టుండాదా? తెల్లారి నీళ్ళు కట్టేదానికి వచ్చేవాడు తగిలితే? రాత్రి నేనే మర్చిపోయి చెయ్యి పెడితే?" అన్నాడు. చిన్నాయన, "అయితే ఏం జేద్దామంటావు, చేతులు కట్టుకోని చూస్తా ఉందామా?" అని లేచి వెళ్ళిపోయాడు. అతని కోపంలోనూ న్యాయం ఉంది. అతని చెరుకు మా చేనికి ఆనుకునే ఉంది.

ఆ సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకుని మంచె దగ్గరికి పోయినాడు. మంచె గుంజకు అంతకు ముందే కొన్న సోలారు దీపం ఒకటి కట్టి ఉంది, సరిగ్గా మనిషి కూర్చునే చోట నెత్తిమీద. అది విప్పమన్నాడు. "దీపం మన నెత్తిన పెట్టుకుంటే దానికి మనం కనపడతాము గానీ, మనకు అది యాడ కనపడతాది? తీసుకపోయి ఆ అడవి గట్టుమింద పాతు. మొగం అటు తిప్పు. మనం చీకట్లో కూచుందాం" అన్నాడు. అలాగే చేశాము. గట్టు అవతల యాభై గజాల మేర నేల వెన్నెల పడ్డట్టు కనపడింది. మేము మంచెమీద చీకట్లో కూర్చున్నాము. కాసేపటికి కన్ను అలవాటు పడి, దీపం లేనిచోట కూడా గడ్డి కదలడం తెలియసాగింది. బీడీ వెలిగించుకోవడానికి కూడా నాయన కిందికి దిగి మంచె చాటుకు పోయేవాడు.

మూడో రాత్రి అవి వచ్చాయి. నాలుగు. గట్టు అవతల వెలుగులో ముందు ఒక తొండం, తరువాత ఒక నల్లటి కొండ. మాకు అవి కనపడ్డాయి. వాటికి మేము కనపడలేదు. కానీ అవి ఆగి తొండాలెత్తాయి. గాలి మా వైపునుంచి అటు వీస్తోంది. గారెట్ ఆటలో వాసన అనేది లేదు. అది ఉండి ఉంటే గారెట్ ఒక్క ఇల్లు కూడా దోచి ఉండడు! ముందుగా కనపడినందువల్ల మాకు అయిదు నిమిషాలు దొరికాయి. పక్క చేలవాళ్ళకు ఫోను చేశాము, డప్పులు కొట్టాము, టపాసులు పేల్చాము. ఆ రాత్రి చెరుకు మిగిలింది. చిన్నాయన కూడా డప్పు తీసుకుని వచ్చాడు. తరువాత నెలలో ఇంకో దిక్కునుంచి వచ్చి మా రాగి చేనిలో సగం మేసి పోయినాయి. ఒక్క దీపంతో ఏనుగులను గెలిచామని నేను చెప్పబోవడం లేదు. తీగె లాగకుండా ఆ ఏడాది గట్టెక్కామని మాత్రం చెబుతున్నాను.

హాస్టలులో ఆ ఆట ఆడుతున్నప్పుడు ఒకసారి సెలవులకు ల్యాప్‌టాప్‌తో సహా ఇంటికి పోయినాను. నాయనకు చూపించాను. గారెట్ నీడలో నక్కి ఉంటే కాపలావాడు దీపం కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. నాయన వెంటనే కాపలావాడి పక్షం చేరిపోయాడు. "ఆ పిచ్చినాయాలు దీపం కింద నిలబడి ఏం జూస్తాడు?" అన్నాడు. అప్పుడు నాకు నవ్వుతోపాటు ఒక విషయం అర్థమయింది. ఆట ఆడే ప్రపంచమంతా గారెట్ వైపునుంచి చూస్తోంది. మా ఊరు మాత్రం ఎప్పుడూ కాపలావాళ్ళ వైపు. మా గారెట్ ఏనుగు.

ఇంకాస్త చూసి నాయన ఒక ప్రశ్న అడిగాడు. "వీడికి ప్రతి చోటా పోయేదానికి ఒక చీకటి దోవ ఉంటాండాదే. అది ఎవురు వదిలిపెట్టినారు?"

"ఆట చేసినోళ్ళే నాయనా. దోవ లేకపోతే ఆడలేం కదా."

"మరి ఏనుక్కి ఎవురు వదలాల?" అన్నాడు. అని ఆవుకు మేత వేయడానికి లేచిపోయాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. పలమనేరు దగ్గర వాటికి శిబిరం కూడా ఏర్పాటయింది. మంచిదే. కానీ మంచి లెవెల్ కట్టేవాడు కాపలావాళ్ళను పెంచడంతో పని అయిపోయిందనుకోడు. ఎటునుంచి ఎటు పోవడానికి దారి మిగిలిందో కూడా చూసుకుంటాడు. ఏ దారీ మిగలని లెవెల్లో ఆడేవాడు విసిగి గోడలు బాదుకుంటాడు. అడవికీ అడవికీ మధ్య మనం చేలు, రోడ్లు, క్వారీలు, దీపాలు పరుచుకుంటూ పోతే ఏనుగు కూడా బాదుకునేది మన గోడలనే. మా చేను కాపాడుకోవాలనే కోరిక, దానికి ఒక దోవ ఉండాలనే న్యాయం, రెండూ ఒకే గట్టుమీద నిలబడి ఉన్నాయి. ఏదో ఒకదాన్ని తోసేస్తే సులభమే. తోసేయకుండా ఆలోచించడమే చదువుకున్నవాళ్ళ పని అనుకుంటాను.

మన తిరుపతిలో రాత్రిపూట మిద్దె ఎక్కి చూస్తే ఘాట్ రోడ్డు దీపాలు కొండకు వేసిన దండలాగా కనపడతాయి. ఇన్నాళ్ళూ అందంగా ఉందని చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ దీపాలలో ఒక్కొక్కటి ఏ మలుపును చూపించడానికి పెట్టారో, ఏ పక్కను చీకటికి వదిలారో అని చూస్తున్నాను. చీకటిగా మిగిలిన ఆ పక్కన కూడా ప్రాణులున్నాయి.

ఈ వేసవి సెలవుల్లో ఒక లక్సుమీటరు సంపాదించి మా గట్టుమీది వెలుగును అడుగడుగునా కొలవాలని అనుకుంటున్నాను. దీపం ఎంత ఎత్తున, ఎంత వాలుగా ఉంటే మంచెమీదివాడి కన్ను చెడకుండా గట్టు కనపడుతుందో ఒక పట్టిక తయారు చేస్తే మా ఊళ్ళో పదిమందికి పనికివస్తుంది. ఆ పనిలో చెయ్యి కలపదలచిన మిత్రులకు స్వాగతం. రాత్రి భోజనం మా ఇంట్లోనే, రాగిసంగటి, ఊరిబిండి. టార్చిలైటు మాత్రం తేవద్దు.